ఒక్క ముక్కా తగ్గకుండా

నా సంచీ పట్టీ తెగిపోబట్టి ఆవిడ పరిచయమైంది. కాళ్ళు నిలవని మనిషికి చెప్పులకంటే ముందు తెగేది సంచీ పట్టీయే. పుస్తకాల బరువు అలాంటిది. ఆ ఊళ్ళో దిగీ దిగగానే తెగింది. బస్టాండు వెనకవీధిలో కుట్టుమిషను చప్పుడు వినిపిస్తే ఆ చప్పుడు పట్టుకుని వెళ్ళాను. ఒక ఇంటి ముందుగదిలో యాభై దాటిన ఒకావిడ తెల్లటి బట్టకి అంచు కుడుతోంది. ఆ బట్ట మిషను మీంచి జారి, చాప నిండా పరుచుకుని, గడప దాకా వచ్చింది.

"ఇంత పొడుగు కర్టెన్లు ఎవరింటికమ్మా?" అన్నాను, మాట కలుపుదామని.

"కిటికీలకి కాదు బాబాయ్ గారూ, మనుషులకి," అంది తలెత్తకుండా. "ఇలా ఇవ్వండి సంచీ. ఇందులో ఏం మోస్తున్నారు, ఇటుకలా?"

లోపలి గదిలోంచి ఒక ముసలి గొంతు అందుకుంది. "పుస్తకాలయ్యుంటాయి. కిటికీలోంచి చూశా, ఒక భుజం కిందికుంది. టీ తాగుతాడేమో అడుగు."

"మా అత్తగారు," అంది ఆవిడ. "వీధిలో అందరూ రేడియో అంటారు. కట్టేయడానికి మీట లేదు."

"ఉంటే నువ్వెప్పుడో నొక్కేసేదానివి," అంది లోపలి గొంతు.

రెండురోజులుండి పోదామనుకున్న ఊళ్ళో వానాకాలమంతా ఉండిపోయాను. వాళ్ళ మేడమీద గది ఖాళీగా ఉంది, కింద రేడియో మోగుతూ ఉంటుంది, ఇంకేం కావాలి. దారాలమ్మ సంగతి నాకు తెలిసింది అప్పుడే. దారాలమ్మ అంటే ఆ కుట్టుమిషను ఆవిడ. ఊరంతా అలాగే పిలుస్తుంది, నేనూ అలాగే పిలుస్తాను.

ఆవిడ మెడికల్ కాలేజీలో అనాటమీ హాల్లో పనిచేస్తుంది. డాక్టరు చదువుకొచ్చిన పిల్లలు మనిషి ఒంట్లో ఏది ఎక్కడుందో కోసి చూసి నేర్చుకునే చోటది. చనిపోయాక నా ఒళ్ళు చదువుకి ఇచ్చెయ్యండని ముందే చెప్పి పోయినవాళ్ళు అక్కడి బల్లల మీద పడుకుని ఉంటారు. వాళ్ళకి కప్పే బట్టలు కుట్టడం, పాఠాలన్నీ అయ్యాక శుభ్రం చేసిన ఎముకల్ని మూటగట్టి ఇంటివాళ్ళకి అప్పగించడం ఆవిడ పని. కొన్ని ఊళ్ళలో దహనం చేసి బూడిద ఇస్తారు. అక్కడ ఎముకలే ఇస్తారు, ఇంటివాళ్ళు తీసుకెళ్ళి పూడ్చుకుంటారు.

అంతకుముందు ఆసుపత్రి బట్టలగదిలో చిరిగిన దుప్పట్లు కుట్టేది. అనాటమీ హాలుకి మార్చారని తెలిసిన రోజు అన్నం ముట్టలేదట. తీరా వెళితే గుమ్మంలోనే మందు వాసన గుప్పున కొట్టింది, కళ్ళమ్మట నీళ్ళు, కాలు ముందుకి పడదు. ఆ హాలుకి పెద్ద అయిన డాక్టరమ్మ వచ్చి, "మొహం చూడక్కర్లేదమ్మా, చెయ్యి ఒక్కటి చూడు," అని ఒక బల్ల మీది బట్ట మణికట్టు దాకా జరిపింది.

"ముసలావిడ చెయ్యి బాబాయ్ గారూ. ఎడమ చూపుడు వేలి కొసన సూదిపోట్లు, నల్లగా గట్టిపడిపోయి. ఇదిగో ఇలా." తన వేలు నా కళ్ళముందు పెట్టింది. "ఈవిడా కుట్టుపనే అనుకున్నా. అంతే, భయం పోయింది. పైగా కోపమొచ్చింది. అంత కుట్టుపని చేసిన మనిషికి, అంచు కూడా మడవని గుడ్డ కప్పారు."

ఆ రోజుల్లో సాయంత్రమయ్యేసరికి అన్ని బల్లల కింద రాలినవీ ఒకే బకెట్టులోకి ఊడ్చేసేవాళ్ళు. డాక్టరమ్మకి అది గిట్టదు. ఒక మనిషిలోంచి తీసింది గోరంతదైనా ఆ మనిషి దగ్గరే ఉండాలి, చివరికి వాళ్ళతోనే పోవాలి అని పట్టుబట్టి బల్లకో బకెట్టు పెట్టించింది. కానీ బకెట్లన్నీ ఒక్కలాంటివే, తుడిచేవాళ్ళ చేతుల్లో తారుమారైపోయేవి. దారాలమ్మ దగ్గర రంగురంగుల రీళ్ళున్నాయి. బల్లకో రంగు పెట్టింది. బట్ట అంచుకీ, బకెట్టు పిడికీ, చిన్నచిన్న పొట్లాలకీ, ఆఖరి మూటకీ ఆ బల్లమీది మనిషికి అదే రంగు దారం. డాక్టరమ్మ పట్టుదలకి దారాలమ్మ రీళ్ళు తోడై ఆ హాల్లో ఒకరి ఎముక ఇంకొకరి మూటలోకి పోవడం ఆగింది.

ఆ హాల్లో ఇలాంటి నియమాలు బోలెడున్నాయి. ఫోను బయటికి తియ్యకూడదు. పడుకున్నవాళ్ళ పేరు అడగకూడదు, ముద్దుపేర్లు పెట్టకూడదు. జ్ఞాపకానికని ఏదీ జేబులో వేసుకోకూడదు. ఇచ్చినవాళ్ళకి పైసా ఇవ్వకూడదు, పుచ్చుకోకూడదు. ఇంటివాళ్ళలో దగ్గరివాళ్ళు ఒక్కరు వద్దన్నా ఆ ఒంటిని తీసుకోకూడదు. ఒకసారి రిటైరైన ముసలి డాక్టరొకాయన ఒక పుర్రెని తువ్వాల్లో చుట్టుకుని వచ్చాడట. చదువుకునే రోజుల్లో పట్టుకెళ్ళి జీవితమంతా బల్లమీద పెట్టుకున్నాడు. "ఇది ఎవరిదో నాకు తెలీదమ్మా, ఇంట్లో ఉంటే ఈ మధ్య నిద్ర పట్టడం లేదు," అన్నాడు. దారాలమ్మ దానికి బట్ట కుట్టి, తెల్లదారం కట్టి, డాక్టరమ్మతో వెళ్ళి పూడ్చి వచ్చింది. "ఎవరిదో తెలియనప్పుడు ఏ రంగు కట్టను? అందుకని తెలుపు," అంది నాతో.

ఇక్కడ నేనొక మాట చెప్పకుండా ఉండలేను. మనిషి ఒంటిని మనిషి వాడుకున్న చరిత్ర చదువుతూ పోతే మధ్యలోనే పుస్తకం మూసెయ్యాలనిపిస్తుంది. సమాధులు తవ్వి, శవాల్ని బస్తాల్లో కుక్కి చదువు చెప్పేవాళ్ళ దొడ్డిగుమ్మం దగ్గర దింపిన వాళ్ళున్నారు. ఉరితీసిన వాళ్ళని, దిక్కులేక పోయినవాళ్ళని బల్ల ఎక్కించేవాళ్ళు. యుద్ధంలో పడిపోయిన కుర్రాళ్ళ పళ్ళు పీకి ఉన్నవాళ్ళ నోళ్ళలో అమర్చిన కాలం కూడా ఒకటుంది. ఎన్ని దేశాలు, ఎన్ని శతాబ్దాలు తిరగేసినా, వాళ్ళని ముందుగా అడిగినవాళ్ళు మాత్రం కనిపించరు. ఇదంతా ఒక వాన సాయంత్రం నేను ఏకరువు పెడుతుంటే రేడియో మంచం మీంచి అడ్డుపడింది.

"నన్నెవరూ అడగక్కర్లేదు. నేనే ఇస్తానంటుంటే తీసుకునే దిక్కు లేదు ఈ ఇంట్లో."

దాని వెనక కథ ఉంది. నేను వెళ్ళడానికి కొన్నేళ్ళ ముందు ఆవిడ గొంతులో గడ్డ లేచింది, మాట పోయింది. ఇంట్లోవాళ్ళు పలక కొనిచ్చారు. "పలక ఏం చాలుతుంది, తిట్టు మొదలుపెడితే మధ్యలో చెరిపి మళ్ళీ రాయాల్సొచ్చేది," అని ఆవిడే చెప్పింది. గొంతు డాక్టరు ఆపరేషను చేసి గడ్డ తీశాడు, మాట తిరిగొచ్చింది. మొదటి మాటగా ఆయన్ని అడిగిందట, మాట పోకుండా ఎలా కోశావయ్యా అని. ఆయన, "మాటకి సంబంధించిన నరం సన్నగా దారంలా ఉంటుందమ్మా. అది ఎక్కడుందో ఒక ముసలాయన గొంతులో చూసి నేర్చుకున్నాను, చదువుకునేటప్పుడు. ఆయన పేరు నాకు తెలీదు," అన్నాడు.

"పేరు తెలీని మనిషికి థాంక్స్ ఎలా చెప్తాం?" అంది రేడియో నాతో. "అదీ నాకున్న బాధ. ఆయన పడుకున్నట్టే నేనూ ఎక్కడో ఒకచోట పడుకుంటే, ఎవరో ఒక పిల్ల చూసి నేర్చుకుంటే, ఆయనకి చేరినట్టే. ఏమంటావు?"

నేనేమంటాను. అడ్డుపడింది రేడియో కూతురు. అదే బస్టాండులో టిక్కెట్లిచ్చే ఉద్యోగం ఆవిడది. ఇంట్లో కూడా మధ్యలో అద్దం ఉన్నట్టే గట్టిగా మాట్లాడేది. దారాలమ్మకి ఆడపడుచు. ఆదివారం వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టింది.

"నీ అత్తగారు కాబట్టి సరేనన్నావు. మీ అమ్మయితే ఒప్పుకునేదానివా వదినా?"

"మా అమ్మ అడగలేదు. అడిగుంటే ఏడ్చి ఒప్పుకునేదాన్ని."

"రోజూ అదే పని చేసి నీకు మనసు మొద్దుబారింది. అన్నయ్యా, నువ్వొకటి చెప్పవేం?"

అన్నయ్య, అంటే దారాలమ్మ భర్త, నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు. ఆ ఇంటికి రావలసిన మాటలన్నీ తల్లే వాడేసుకోవడంతో ఆయన వాటాకి పెద్దగా మిగల్లేదు. "అమ్మ ఇష్టం," అన్నాడు.

"నా ఇష్టం నా నోటితో చెప్తే చెల్లదా?" అంది రేడియో. "ఏమే, నువ్వు వద్దంటే వాళ్ళు నన్ను తీసుకోరు. నా ఒంటిమీద నా మాటే పోయేలా చేస్తావా? ఒకసారి పోయింది, చాలు."

కూతురు మెత్తబడింది, అయినా వదల్లేదు. "ముక్కలు చేస్తారమ్మా. ఒకటి ఇక్కడ, ఒకటి ఎక్కడో. రేపు నేను మట్టి వెయ్యడానికొస్తే నువ్వెంత ఉంటావో కూడా తెలీదు నాకు."

"అయితే మీ వదిన మాటిస్తుంది. నన్ను పూర్తిగా తెచ్చుకుంటుంది. ఏమ్మా కోడలా?"

"తెచ్చుకుంటాను అత్తయ్యా."

"ఒక్క ముక్కా తగ్గకుండా."

"ఒక్క ముక్కా తగ్గకుండా."

"తగ్గితే?" అంది ఆడపడుచు.

దారాలమ్మ మిషను ఆపింది. "తగ్గితే నువ్వన్న ప్రతి మాటా పడతాను. మొద్దుబారిందన్నావే, అదీ ఒప్పుకుంటాను."

తనే కప్పి, తనే మూటగడతానన్న ధీమాతో ఇచ్చిన మాట అది. డాక్టరమ్మ దగ్గరికెళితే తల అడ్డంగా ఊపింది. ఈ హాల్లో పనిచేసేవాళ్ళ ఇంటి మనుషుల్ని ఈ హాల్లో పడుకోబెట్టకూడదని నియమం. "నీ చేతుల మీదుగా నీ అత్తగారు... వద్దమ్మా. నువ్వు తట్టుకుంటావేమో, నేను తట్టుకోలేను. పక్క ఊరి కాలేజీలో మంచివాళ్ళున్నారు. అక్కడికి పంపుదాం." పక్క ఊరంటే పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరేంత దూరం. దారాలమ్మ ఇచ్చిన మాట ఇప్పుడు తను చూడని చేతుల్లోకి పోయింది.

రేడియో రెండురోజులు అలిగింది. "ఇన్నేళ్ళు నీ చేతి వంట తిన్నాను, నీ చేత్తో కట్టిన మూటకి నోచుకోలేదా," అని. తర్వాత రీళ్ళ పెట్టె తెప్పించుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, దారాలన్నీ మంచం మీద పరిచి వంకాయరంగు రీలు ఏరింది.

"ఇది నాతో పంపించు. వాళ్ళు బిళ్ళలు కడతారో, నెంబర్లే వేస్తారో, వాళ్ళిష్టం. మూటకి మాత్రం ఈ దారమే కట్టమను. గదికి అవతలివైపు నుంచి చూసినా నేనేనని తెలియాలి."

వానలు తగ్గాయి. నా కాళ్ళు మళ్ళీ దురద పెట్టాయి. సంచీ భుజానేసుకుని బయల్దేరుతుంటే, "మళ్ళీ వచ్చేసరికి నేను కాలేజీలో ఉంటాను. చదువుకోవడానికి కాదు, చదువు చెప్పడానికి," అని నవ్వింది రేడియో.

అన్నట్టే అయింది. మూడో ఏడు నేను ఆ వీధిలోకి మళ్ళీ వెళ్ళేసరికి ముందుగదిలో మిషను ఆడటం లేదు. దాని బల్లమీద ఒక తెల్లటి మూట ఉంది. వంకాయరంగు దారంతో అడ్డంగా నిలువుగా చుట్టి, పైన ముడి వేసి ఉంది. దారాలమ్మ పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది.

"సరిగ్గా వచ్చారు బాబాయ్ గారూ. అత్తయ్యని నిన్ననే తెచ్చుకున్నాం."

టీ పెట్టి ఇచ్చి, అన్నీ చెప్పింది. రేడియో ఒక మధ్యాహ్నం పక్కింటావిడతో మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయిందట. అంతసేపు ఆగడం ఎప్పుడూ లేదు గనక పక్కింటావిడకి అర్థమైందట. పక్క ఊరి నుంచి వ్యాను వచ్చింది. దారాలమ్మ తను కుట్టిన బట్ట కప్పి, రీలు వ్యానులో వచ్చినాయన చేతిలో పెట్టి పంపింది. అంతే, ఆ తర్వాత వాళ్ళకే వదిలేసింది. ఫోను చేసి అడగాలని చాలాసార్లు అనిపించినా అడగలేదు. అడక్కూడదు.

మూట తెచ్చుకోవడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ వెళ్ళారు. ఆ కాలేజీలో ఏటా ఒకరోజు అందర్నీ పిలిచి, పిల్లలందరూ వరసగా నిలబడి, ఇచ్చినవాళ్ళ ఇంటివాళ్ళకి నమస్కారం పెడతారు. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో చెప్పరు. ఒక పిల్ల లేచి రెండుమాటలు మాట్లాడింది.

"మా బల్ల మీద ఉన్నావిడ ఎవరో నాకు తెలీదండీ. గొంతుమీద పాత ఆపరేషను మచ్చ ఉంది. లోపల చూస్తే ఆ సన్నటి నరాన్ని తాకకుండా ఎవరో ఎంత జాగ్రత్తగా చేశారో కనిపించింది. ఆ డాక్టరు ఎవరో కూడా తెలీదు. ఆవిడ దగ్గర చూశాకే నేను గొంతు డాక్టర్నవ్వాలని అనుకున్నాను. ఆవిడకి చెప్పలేను కదా, మీ అందరికీ చెప్తున్నాను."

"మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు చూడండి, గాజు విరిగింది," అంది దారాలమ్మ. "నోట్లోంచి మాట రానివ్వలేదు మేమిద్దరం. చెప్పకూడదు కదా. ఆ పిల్లని మాత్రం ఎంతసేపు చూశామో. అత్తయ్య ఉంటే లేచి 'అది నేనే' అనేసేది."

ఇంతవరకూ బాగానే ఉంది. ఆవిడ మొహంలో ఇంకేదో ఉంది, అది ఆడపడుచు వచ్చాక తెలిసింది. ఈసారి ఆవిడ గొంతు పెద్దగా లేదు. మూట దగ్గరికొచ్చి, వేలితో దారం తాకింది.

"విప్పు వదినా."

"వద్దమ్మాయ్."

"మాటిచ్చావు."

"ఇచ్చాను. కానీ ఇన్నేళ్ళుగా ఎంతమంది చేతుల్లో మూట పెట్టి చెప్పాను, 'విప్పకండి, అన్నీ ఉన్నాయి, నా మాట నమ్మండి' అని. ఒక్కరూ విప్పలేదు. ఇప్పుడు నా దాకా వచ్చేసరికి నేను విప్పితే, వాళ్ళందర్నీ మోసం చేసినట్టు కాదూ?"

"వాళ్ళకి ఏ ఎముక ఎక్కడిదో తెలీదు, అందుకని నమ్మారు. నీకు తెలుసు. తెలిసి కూడా చూడకుండా మట్టిలో పెడతావా?"

దారాలమ్మ నా వైపు చూసింది. ఇన్ని పుస్తకాలు మోసినా, పనికొచ్చే ముక్క ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. విప్పితే, తనలాంటి పనే చేసే ఒక ముక్కూ మొహం తెలియని మనిషిని అనుమానించినట్టు. విప్పకపోతే, ఇచ్చిన మాట నిలబడిందో లేదో ఎప్పటికీ తెలీదు. ఆవిడ భర్త గుమ్మంలో నిలబడి, "ఏదైనా ఒకటి తేల్చవే," అన్నాడు నెమ్మదిగా. దారాలమ్మ మూటమీద చెయ్యి వేసింది. వేళ్ళు ముడి దాకా వెళ్ళాయి. అక్కడే ఆగాయి.

"ముడి చూడండి," అంది. "దారం లోపలికి తిప్పి, కొస దాచి కట్టారు. తొందరపడే మనిషి ఇలా కట్టడు. రేపు పొద్దున పూడ్చేద్దాం. విప్పను."

ఆడపడుచు చెప్పులేసుకుని, పొద్దున శ్మశానానికే వస్తానని చెప్పి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున శ్మశానంలో మేం నలుగురమే. గొయ్యి తవ్వే ఆయన పార పక్కన పెట్టి, సిగరెట్టు ఆర్పి సిద్ధంగా ఉన్నాడు. దారాలమ్మ భర్త మూట చేతుల్లోకి తీసుకున్నాడు. అప్పుడు ఫోను మోగింది. డాక్టరమ్మ.

"ఆపండమ్మా," అందిట అవతల్నుంచి. "పక్క ఊరి కాలేజీ నుంచి ఫోనొచ్చింది. ఒక చిన్న ఎముక అక్కడ ఉండిపోయింది. వాళ్ళ మనిషి తొలి బస్సుకే బయల్దేరాడు, తనే తెస్తున్నాడు."

దారాలమ్మ ఫోను దించి ఆ మాట మాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆడపడుచు వైపు చూడలేకపోయింది.

"ఏది?" అంది ఆడపడుచు.

"నాలుకెముక." తన గొంతు పైభాగంలో, గడ్డం కింద రెండువేళ్ళు పెట్టుకుని చూపించింది. "ఇక్కడుంటుంది. చిన్నది, లాడంలా ఉంటుంది. ఒంట్లో మిగతా ఏ ఎముకకీ అతుక్కుని ఉండదు, కండల మధ్య వేలాడుతుంది. శుభ్రం చేసేటప్పుడు ఇట్టే జారిపోతుంది."

"అమ్మకి ఆ ఎముకే పోవాలా," అంది ఆడపడుచు. తిట్టబోయి నవ్వొచ్చిందో, నవ్వబోయి ఏడుపొచ్చిందో, మొహం పక్కకి తిప్పుకుంది.

ఎండెక్కింది. ప్రహరీ గోడ నీడ పట్టున కూర్చున్నాం. మూట దారాలమ్మ ఒళ్ళో ఉంది. గొయ్యి తవ్వే ఆయన గొణగడం మొదలుపెట్టాడు. "నా ఇన్నేళ్ళ సర్వీసులో పోయినవాళ్ళు వచ్చాక బతికున్నవాళ్ళ కోసం కాచుకున్నాం గానీ, పోయినవాళ్ళలో కొంచెం వెనకాల వస్తోందని కాచుకోవడం ఇదే." దారాలమ్మ భర్త ఆయనకి తన సీసాలోంచి మంచినీళ్ళిచ్చాడు. "మా అమ్మ ఎక్కడికీ ఒక్క విడతలో బయల్దేరేది కాదండీ. గుమ్మం దాటాక ఏదో ఒకటి గుర్తొచ్చి వెనక్కెళ్ళేది," అన్నాడు. ఆ మనిషి నోట ఒకేసారి అంత పెద్ద మాట నేను వినడం అదే మొదలు.

మధ్యాహ్నానికి గేటు దగ్గర ఒకాయన కనిపించాడు. నడివయసు, చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుడిచెయ్యి చొక్కా జేబుమీద అదిమిపెట్టుకుని నడుస్తున్నాడు. దగ్గరికొచ్చి, ఎవరికి చెప్పాలో తెలియక అందరికీ కలిపి దణ్ణం పెట్టాడు. జేబులోంచి డబ్బీ తీశాడు. దగ్గుబిళ్ళల రేకు డబ్బీ. దానికీ వంకాయరంగు దారం చుట్టి ఉంది.

"తప్పు నాదేనండీ," అన్నాడు. "ఈ చిన్న ఎముక పోతుందనే భయంతో ముందే తీసి, విడిగా డబ్బీలో పెట్టి, సొరుగులో భద్రం చేశాను. పోకూడదని దాచానండీ. ఆఖర్న మూట కట్టేటప్పుడు సొరుగు మర్చిపోయాను. నిన్న కొత్తగా వచ్చినాయన కోసం డబ్బీ తీద్దామని సొరుగు లాగితే ఇది కనిపించింది."

ఆడపడుచు ఆయన్ని ఎగాదిగా చూసింది. రోజూ కౌంటర్లో టిక్కెట్టుకొచ్చినవాళ్ళని చూసినట్టు చూసింది. "మీరు చెప్పకపోతే మాకెలా తెలిసేది?"

"తెలిసేది కాదమ్మా."

"మరి?"

"ఇది నా సొరుగులో పెట్టుకుని, ఇంకొకళ్ళ చేతికి మూట ఇచ్చి అన్నీ ఉన్నాయండీ అని ఎలా చెప్పను? నాకు నోరు రాదు."

దారాలమ్మ అప్పటిదాకా డబ్బీనే చూస్తోంది. "విడిగా డబ్బీలో పెట్టాలని మీకెవరు చెప్పారు అన్నయ్యా?"

"ఒకప్పుడు మమ్మల్ని ఇక్కడి హాలుకి పని చూసి రమ్మని పంపారమ్మా. అక్కడ ఒకావిడ చెప్పారు. మాస్కులో ఉన్నారు, మొహం చూళ్ళేదు. చాలా గట్టిగా చెప్పారు, అన్నిటికంటే ముందు ఆ ఎముక తీసి డబ్బీలో వెయ్యండి, తర్వాతే ఏదైనా అని. అప్పట్నించీ అలాగే చేస్తున్నాను. ఆవిడ మాట వల్ల మా దగ్గర ఒక్కటీ పోలేదు, ఇదిగో, ఇది తప్ప."

దారాలమ్మకి ముందు భుజాలు కదిలాయి, ఏడుస్తోందేమో అనుకున్నాం. నవ్వుతోంది. నవ్వు ఆపుకోలేక మూటమీద తల ఆనించేసింది.

"ఆ మాస్కావిడ నేనే. డబ్బీలో వెయ్యమని చెప్పాను గానీ, ఆ డబ్బీని మర్చిపోకుండా ఏం చెయ్యాలో చెప్పలేదు. అమ్మాయ్, విన్నావా? ఆ తప్పు తిరిగి తిరిగి మనింటికే వచ్చింది. ఇంక నువ్వేమన్నా పడతాను, కానివ్వు."

ఆడపడుచు ఆయన చేతిలోంచి డబ్బీ రెండుచేతులతో తీసుకుంది. "మీరు అన్నం తిన్నారా?" అని అడిగింది ఆయన్ని. లేదన్నాడు. "మా ఇంటికొచ్చి తిని వెళ్ళండి. తిరుగు బస్సులో నేను కూర్చోబెడతాను, సీటు గురించి బెంగ పెట్టుకోకండి." తర్వాత వదిన వైపు తిరిగింది. "ఇప్పుడైనా విప్పు. దీన్ని అమ్మ దగ్గర పెట్టాలిగా."

దారాలమ్మ ముడి విప్పింది. మూట పైభాగం మాత్రం తెరిచింది, లోపల పొట్లాలన్నీ వంకాయరంగు దారాలతో ఒద్దికగా పేర్చి ఉన్నాయి. అత్తాకోడళ్ళు అన్నేళ్ళు కలిసున్న ఇంట్లో ఏ చెంబు ఎక్కడుందో తెలిసినట్టు ఆవిడ చెయ్యి తిన్నగా తలవైపు పొట్లం దగ్గరికి వెళ్ళింది. ఆడపడుచు బట్ట కొసలు పట్టుకుంది. దారాలమ్మ డబ్బీ అక్కడ పెట్టి, లెక్కలేవీ చూడకుండా మళ్ళీ మూసేసింది.

"హమ్మయ్య," అంది ఆడపడుచు. "ఇంక అమ్మ లోపల ఊరుకోదు."

అందరం మట్టి వేశాం. ఆయన కూడా వేశాడు. వేసి, చేతులు దులుపుకుని, ప్యాంటు జేబులోంచి ఇంకొకటి తీసి దారాలమ్మకి ఇచ్చాడు. "మిగిలిన దారమమ్మా. అది కూడా మీ అత్తగారిదే కదా." రీలు సగానికి పైగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో ఆయన తిన్నంతసేపూ ఆడపడుచు వడ్డించింది. ఆయన చాలంటుంటే, "తినండి, మా అమ్మ ఉంటే మిమ్మల్ని చెవులు వాచేలా మెచ్చుకునేది, నాకంత ఓపిక లేదు, అన్నమే పెట్టగలను," అంది. ఆయన తలవంచుకుని నవ్వాడు. తన బల్లమీద పడుకున్నావిడ మాటకారి అని ఆయనకి తెలిసింది అప్పుడే. తెలియకూడనిదే అనుకోండి. కానీ పూడ్చడం అయిపోయింది, ఇంక ఎవరూ అభ్యంతరం పెట్టలేదు.

నేను ఇంకో వారం ఉన్నాను. బయల్దేరే రోజు దారాలమ్మ మిషను దగ్గర కూర్చుని వంకాయరంగు దారం పొడుగు పొడుగు ముక్కలుగా కత్తిరిస్తోంది. పక్కన ఖాళీ దగ్గుబిళ్ళల డబ్బీలు పేర్చి ఉన్నాయి. వీధిలో అందరినీ అడిగి పోగుచేసింది. ప్రతి డబ్బీకీ మూతలో చిల్లు పొడిచి, ఒక దారం ముడి వేస్తోంది. ఆ దారం రెండో కొస, ఆ ఎముక ఎవరిదో వాళ్ళ మూటబట్టకి ముందుగానే కుట్టేస్తుందట. మూట కట్టేవాళ్ళు మర్చిపోయినా, మూట ఎత్తితే డబ్బీ వెనకాలే వస్తుంది. పక్క ఊరికి కూడా కొన్ని పంపుతోంది.

"ఒకరి రంగు ఇంకొకరికి వాడకూడదని మీ నియమం కదమ్మా," అన్నాను.

"మూటకి ఎవరి రంగు వాళ్ళదే. ఈ డబ్బీకి మాత్రం అందరికీ అత్తయ్య దారమే. డాక్టరమ్మని అడిగాను, సరేనంది." పళ్ళతో దారం కొరికింది. "వీధిలో ఎవరు కనిపించినా పలకరించకుండా వదిలేది కాదు. ఇప్పుడు మాత్రం ఎందుకు వదులుతుంది?"

నా సంచీ తీసుకుని పట్టీ లాగి చూసింది. తను కుట్టిన కుట్టు ఊడలేదని తృప్తిగా తల ఊపి, నా భుజానికి తగిలించింది.